షెడ్డులో కాలు జారితే

గాజువాక ఆటోనగర్‌లో లారీ మెకానిక్కుకి దెబ్బ తగిలిందంటే జాకీ జారిందా, టైరు పేలిందా అని అడుగుతారు. కాలు జారి పడ్డాడంటే మాత్రం ‘చూసుకోవాలి కదరా’ అనేసి ఎవరి పనిలో వాళ్లు పడతారు. నేను చూసినంతలో కుర్రాళ్ల చేతులు ఎక్కువగా విరిగింది అలా పడే.

మా దగ్గరికొచ్చేవి పోర్టు నుంచి బొగ్గు, స్టీల్‌ప్లాంటు నుంచి కడ్డీలు మోసే బళ్లు. ఛాసిస్ నిండా బొగ్గు నుసే. హబ్ విప్పితే పాత గ్రీజు ముద్దలుగా రాలుతుంది. హౌసింగ్ ఆయిల్ దింపేటప్పుడు ఎంత పెద్ద ట్రే పెట్టినా అంచున కొంత కారుతుంది. ఉత్త నూనె మెరుస్తుంది కాబట్టి కంటపడుతుంది. దానిమీద నుసి పడిందా, నేలా నూనే ఒకటే నలుపు. వానాకాలమైతే నీళ్లు లోపలికొచ్చి ఒక మూలనున్న నూనెను షెడ్డంతా పరుస్తాయి.

ఖాళీ చేతులతో పడితే చెయ్యి ఆనిస్తాం, మణికట్టు పోతుంది. బ్రేక్ డ్రమ్ము మోస్తూ పడితే ఆనించడానికి చెయ్యేదీ? నాతో పనిచేసిన కుర్రాడొకడు బంపరు మీంచి దిగుతూ పడ్డాడు. నేల పొడిగానే ఉంది, గ్రీజు ఉన్నది వాడి హవాయి చెప్పు అడుగున. విరిగిన చేతికి కట్టు విప్పాక బాగానే ఉందనుకున్నాం. వీల్ నట్టు బిగించబోతే పానా మీద పట్టు చిక్కలేదు. ఇప్పుడు వైరింగు పని చేసుకుంటున్నాడు. అప్పటి యజమాని ఆసుపత్రి ఖర్చు కొంత ఇచ్చి, ‘తప్పు నీదే’ అన్నాడు.

ఆ మాట చెల్లదు. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. అడుగు చూసి వెయ్యలేదన్న సాకుతో దాన్ని ఎగ్గొట్టడానికి వీల్లేదు. నేలమీద జారే పదార్థాలు ఉండకూడదని పాత ఫ్యాక్టరీల చట్టంలో 32వ సెక్షనే పెట్టారు. కానీ నలుగురైదుగురు పనిచేసే షెడ్డుకి ఫ్యాక్టరీ తనిఖీలూ రావు, పదిమంది ఉంటేనే తప్పనిసరయ్యే ఈఎస్ఐ కార్డూ రాదు.

ఇప్పుడు నా షెడ్డులో నూనె కారితే వెంటనే రంపపు పొట్టు చల్లుతాం. చల్లి వదిలేస్తే లాభం లేదు. పీల్చాక ఊడ్చి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వెయ్యాలి. లేకపోతే వెల్డింగు రవ్వకి అంటుకుంటుంది. కుర్రాళ్లకి బూట్లు నేనే కొంటాను. నేల తుడవందే ఇంకో బండి కిందికి ఎవరినీ వెళ్లనివ్వను. ‘మేస్త్రీ, తెల్లారితే లోడింగు ఉంది’ అని డ్రైవర్లు తొందరపెడతారు, కొందరు పక్క షెడ్డుకి పోతారు. అందుకే ఈ పద్ధతి మా వీధిలో షెడ్లన్నీ ఒక్కసారే పెట్టుకోవాలని తోటి మేస్త్రీలందరినీ అడుగుతున్నాను.