పక్కవాళ్ల పాత్ర జోలికెళ్లొద్దు

పద్యనాటకం ఆడేవాళ్లకి ఓ నియమం ఉంటుంది. పక్కవాడి పద్యం మనం అందుకోకూడదు. కృష్ణుడు రాగం తీస్తున్నంతసేపూ దుర్యోధనుడు మీసం మెలేస్తూ కూర్చోవాల్సిందే. స్టేజీ, హార్మోనియం, మేకప్పు ఏవీ లేకుండా ఒట్టి అక్షరాలతో ఆడే నాటకాలకీ ఇదే నియమమని మా అమ్మాయి వల్ల తెలిసింది.

తను డిగ్రీ చదువుతోంది. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో తెగ టైపు చేస్తుంటుంది. 'ఏం రాస్తున్నావే?' అంటే 'కథమ్మా' అంది. ఎప్పుడూ ముఖం చూడని ముగ్గురితో కలిసి ఆన్‌లైన్లో రాస్తోందట. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. మా అమ్మాయిది ఏటి ఒడ్డున ఉండే ముసలి వైద్యురాలు. ఇంకో అమ్మాయిది పడవ నడిపే కుర్రాడు. ఒకరు నాలుగు వాక్యాలు రాసి వదిలితే ఇంకొకరు అక్కణ్నుంచి అందుకుంటారు. దీన్ని రోల్‌ప్లే అంటారు.

ఇది నిన్నమొన్నటిదేం కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టి, తర్వాత రిచర్డ్ బార్టిల్ పెంచిన 'మడ్' అనే ఆటలో ఒక్క బొమ్మా లేదు. గుహైనా, కత్తయినా అంతా మాటల్లోనే. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. కొన్నింటిలో గెలుపోటములు పక్కకెళ్లి, కథ అల్లుకోవడమే అసలు సరదా అయింది.

మర్యాదలు మాత్రం గట్టివే. నీ పాత్ర ఏం చేసిందో నువ్వు రాయి, ఎదుటి పాత్రకి ఏమైందో వాళ్లని రాయనివ్వు. 'కత్తి విసిరాను' అనొచ్చు. 'అది తగిలి నువ్వు పడిపోయావు' అనకూడదు. రచయితగా నీకు తెలిసిన రహస్యం నీ పాత్రకి తెలిసినట్టు రాయకూడదు. 'సరేనని తలూపింది' అని ముగించేస్తే తర్వాతివాళ్లకి రాయడానికేం మిగలదు. అందుకని ఓ ప్రశ్నో, తలుపు చప్పుడో వదలాలి. నాలుగు రోజులు రాయలేకపోతే చెప్పి వెళ్లాలి. కథ బయటి మాటేదైనా ఉంటే జంట బ్రాకెట్లలో పెట్టాలి.

ఓసారి కొత్తగా చేరిన అబ్బాయి 'వైద్యురాలు భయపడి పారిపోయింది' అని రాసేశాడు. మా అమ్మాయి గొడవపడలేదు. బ్రాకెట్లు పెట్టి, 'ఆవిడ పారిపోయే మనిషి కాదండీ, ఆ వాక్యం మారుస్తారా?' అని అడిగింది. మార్చాడు.

అసలు ఆ బ్రాకెట్ల విలువ ఇంకో రాత్రి తెలిసింది. పడవ కుర్రాడు 'నేను ఎవరికీ అక్కర్లేదు, అలసిపోయాను' అన్నాడు. కథలో అలా అనాల్సిన సందర్భమేం లేదు. మా అమ్మాయి వైద్యురాలి మాట రాయకుండా ఆగి, బ్రాకెట్లలో 'ఇది నీ కుర్రాడి మాటా, నీ మాటా?' అని అడిగింది. చాలాసేపటికి 'నాదే' అని వచ్చింది. సెమిస్టర్ పోయిందట, ఇంట్లో నాన్న మాట్లాడటం లేదట. ఆ రాత్రి కథ ముందుకి నడవలేదు. మా అమ్మాయి నన్ను లేపి, ఏం చెప్పమంటావని అడిగింది. 'ఇప్పుడే లేచి వాళ్లమ్మని లేపమను. ఆవిడ పక్కన కూర్చునేదాకా నువ్వు కదలకు' అన్నాను. అరగంటకి 'అమ్మ పక్కనే ఉంది' అని జవాబొచ్చింది. పది రోజుల తర్వాత పడవ మళ్లీ ఏట్లోకి దిగింది.

మా ఇంట్లో నా నియమం కూడా ఒకటుంది. ఊరు, కాలేజీ, ఫోటో, ఫోన్ నంబరు కథలోకీ రాకూడదు, బ్రాకెట్లలోకీ రాకూడదు. దానికి తనూ ఒప్పుకుంది.

మీ పిల్లలూ ఇలా రాస్తుంటే వెనకనుంచి ఫోన్లోకి తొంగిచూడకండి. 'కథలో నువ్వెవరివి?' అని అడగండి. మా అమ్మాయి గంటసేపు చెప్పింది.