ఢీకొనే అణువుల పట్టికలు

మేం చదువుకునే రోజుల్లో రాకెట్ లెక్కకు కూర్చుంటే స్లైడ్ రూల్‌తో పాటు బల్ల మీద రెండు పుస్తకాలు ఉండాల్సిందే. ఒకటి హిర్ష్‌ఫెల్డర్, కర్టిస్, బర్డ్ 1954లో వెలువరించిన లావుపాటి గ్రంథం. రెండోది నాసా లూయిస్ కేంద్రంలో స్వెహ్లా 1962లో రాసిన నివేదిక. సుమారు 200 వాయువుల స్నిగ్ధత, ఉష్ణవాహకత 5,000 కెల్విన్ దాకా అందులో దొరికేవి. లైబ్రరీవాళ్లు వాటిని ఇంటికిచ్చేవాళ్లు కాదు. అక్కడే కూర్చుని అంకెలు ఎత్తి రాసుకునేవాళ్లం.

నాజిల్ గోడ ఎంత వేడెక్కుతుందో తేలాలంటే, దాన్ని ఒరుసుకుంటూ పోయే వాయువు స్నిగ్ధత తెలియాలి. మూడు వేల డిగ్రీల దగ్గర దాన్ని కొలవడం మాటలు కాదు. అందుకని చాప్‌మన్, ఎన్‌స్కాగ్ చూపిన దారిలో, రెండు అణువులు ఎదురుపడితే ఎంత పక్కకు మళ్లుతాయో సిద్ధాంతంతోనే లెక్కగట్టారు. ఎంత ఎడంగా వచ్చినా, ఎంత వేగంతో వచ్చినా, అన్నిటినీ కలిపి ఒక్కో ఉష్ణోగ్రతకు ఒక్క అంకెలోకి దించారు. ఆ అంకెల వరసే మా పట్టిక.

నైట్రోజన్‌నే తీసుకోండి. దాని అణువుల మధ్య ఆకర్షణ ఎంత గట్టిదో చెప్పే విలువ స్వెహ్లా నివేదికలో 71.4 కెల్విన్. 3,000ను దాంతో భాగిస్తే స్లైడ్ రూల్ మీద గీత 42 దగ్గర ఆగుతుంది. పట్టికలో 40కి 0.6718, 50కి 0.6504. మధ్యలోది మనమే పెన్సిల్‌తో తేల్చుకోవాలి: 0.6675. ఆ వరసలో పైకి చూస్తే 1 దగ్గర 1.587 కనిపించేది. వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గిపోతోంది! వేగంగా వచ్చే అణువుల మీద పరస్పర ఆకర్షణ అంతగా పనిచేయదు, అవి అంత సులువుగా పక్కకు మళ్లవు. ఆ సంగతి నాకు ఏ పాఠంలోనూ అంత తేటగా అర్థం కాలేదు, వేలు పెట్టి ఆ వరస వెంట దిగినప్పుడే తెలిసింది.

1972లో న్యూఫెల్డ్, జాన్‌జెన్, అజీజ్ ఆ పట్టికలను చిన్న సూత్రాలుగా మార్చారు. కంప్యూటర్‌కు అది గొప్ప మేలు, కాదనను. కానీ సూత్రంలో విలువ వేస్తే జవాబొక్కటే వస్తుంది, దాని ఇరుగుపొరుగు అంకెలు కంటబడవు.

ఈ లెక్కలు నేర్పే మాస్టార్లకు నాదొక విన్నపం. ప్రోగ్రాం తెరిపించే ముందు, ఒక్క వాయువుకైనా పిల్లల చేత ఆ పట్టిక తిరగేయించి, చేత్తో లెక్క కట్టించండి.