సిరిమాను చూసొచ్చాను

మాది విజయనగరం అనగానే ఎవరైనా సరే, "అయితే ఏటా సిరిమాను చూస్తారన్నమాట, అదృష్టవంతులు" అంటారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. మీ దగ్గర దాచడమెందుకు? ఈ ఊరి కోడలినై పాతికేళ్లు. మా ఇంటి నుంచి మూడు లాంతర్లకి పది నిమిషాల నడక. అయినా సిరిమాను తిరగడం ఒక్కసారీ పూర్తిగా చూసి ఎరగను. పండక్కి మా ఇంటికి ఇరవై మందికి తక్కువ రారు. అమ్మవారు వీధిలో తిరుగుతుంటే నేను పొయ్యి చుట్టూ తిరిగేదాన్ని. డప్పులు వినిపిస్తే గరిటె పట్టుకునే వంటింటి కిటికీలోంచి దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఇతర ఊళ్ల వారికోసం రెండు ముక్కలు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధంలో మా విజయరామరాజుగారు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయారు. ఆయన చెల్లెలే పైడితల్లి. ఆ దుఃఖంతో తనువు చాలించి, పెద్దచెరువులో దేవతగా వెలసిందని చెబుతారు. దసరా వెళ్లాక వచ్చే సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. పొడవాటి చింతమాను చివర ఆసనం కట్టి, అందులో పూజారిగారు కూర్చుని చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతారు.

ఇక మా అమ్మాయి సంగతి. విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్ని రోజులు ఇంటి నుంచే పని. రోజూ పొద్దున్న పావుగంట కంప్యూటర్ ముందు నిలబడి మాట్లాడుతుంది. "కూర్చుని మాట్లాడకూడదుటే?" అంటే, "కూర్చుంటే మాటలు పెరుగుతాయమ్మా" అంది. దాన్ని ఎజైల్ పద్ధతి అంటారట. 2001లో అమెరికాలో, స్నోబర్డ్ అనే కొండ ప్రాంతంలో పదిహేడు మంది కూర్చుని దీని సూత్రాలు రాసుకున్నారట. పని మొత్తం ఏడాదిపాటు చేసి చివర్లో చూపించడం కాదు, కొంచెం చేసి చూపించి, అడిగినవాళ్ల మాట విని దిద్దుకుంటూ పోవడం. పులుసు దించాక కాదు, మరుగుతుండగానే ఉప్పు చూడడం అన్నమాట. ఈ మాత్రానికి పదిహేడు మంది ఎందుకో అనుకున్నాను!

2024 పండక్కి వారం ముందు మా అమ్మాయి ఫ్రిజ్ తలుపుని మూడు భాగాలు చేసింది. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికీ ఒక్కో పసుపు చీటీ. అన్నీ రాస్తే నలభై పైన వచ్చాయి. నాకే కళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఇవన్నీ నా ఒక్కదాని బుర్రలోనే ఉండేవి కదా.

"చేస్తున్నవి"లో మనిషికి రెండు చీటీలు మించకూడదని షరతు. నాకు ఒకేసారి పది పనులు మొదలుపెట్టే అలవాటు. రెండు రోజులు చేతులు కట్టేసినట్టుంది. మూడోనాటికి తెలిసింది, మాడిపోయేవి తగ్గాయని.

మా వారు మాత్రం "కొబ్బరికాయలు" చీటీని దర్జాగా "అయిపోయినవి"లోకి జరిపేశారు. తీరా చూస్తే డబ్బులిచ్చి కాయలు కొట్లోనే వదిలేశారు! అయిపోయిందంటే ఏమిటో ముందే అనుకోవాలని అమ్మాయి వాళ్ల నాన్నకి పాఠం చెప్పింది. కాయ పీచు తీసి పూజగదిలో పెడితేనే అయినట్టు.

ఏ పని ముందో తేల్చే పెద్దరికం అత్తయ్యగారికిచ్చాం. నాకు లోపల భయమే. ఆవిడ ఉన్న రోజుల్లో పండగ పిండివంటల్లో ఒక్కటి తగ్గింది లేదు. చీటీలన్నీ చదివించుకుని, నైవేద్యం, పులిహోర, పప్పు, రెండు కూరలు ఉంచి, బొబ్బట్ల చీటీ తీసి పక్కన పెట్టేశారు. "నేనూ పదిహేనేళ్లు చూళ్లేదే అమ్మాయీ. అప్పుడు ఎవరూ అడగలేదు" అన్నారు. నేనేమీ అనలేకపోయాను.

మంగళవారం రెండు గంటలకల్లా వంటిల్లు కడిగేశాను. మూడు లాంతర్ల దగ్గర జనం, ఎండ, ఎవరి చెమట ఎవరిదో తెలీదు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. ఆ వెనక సిరిమాను. చివర అంత ఎత్తున పూజారిగారు ఊగుతూ వస్తుంటే జనం అరటిపళ్లు విసిరారు. నేను విసిరింది సగం దూరం కూడా వెళ్లలేదు, ఎవరి తలమీద పడిందో ఏమో. మూడుసార్లూ నిలబడి చూశాను. కాళ్లు లాగేశాయి. కళ్లలో నీళ్లు దేనికొచ్చాయో అమ్మాయి అడిగింది, దుమ్మన్నాను.

బుధవారం సాయంత్రం అందరం కూర్చుని ఏది బాగుంది, ఏది బాగోలేదు చెప్పుకోవాలట, అదీ పద్ధతే. మా వారి అక్కగారు మొహమాటం లేకుండా, "బొబ్బట్లు లేని సిరిమాను పండగ ఇదే చూడ్డం" అన్నారు. నా మొహం మాడిపోయింది. అమ్మాయి మాత్రం, "అయితే రాయండత్తా" అని చీటీ, పెన్నూ ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ కాసేపు ఆలోచించి రాసి, తనే వెళ్లి ఫ్రిజ్‌కి అంటించారు. పొద్దున్న లేచి చూస్తే, "వచ్చే ఏడు బొబ్బట్లు నేను చేసి తెస్తాను" అని ఉంది.