రెండు బ్రేకులు, ఒక వాన

శ్రావణమాసపు తొలి ఆదివారమున, రాత్రియెల్ల కురిసిన వాన తుంపరగా మారిన వేళ, నేనును మా మేనల్లుడును హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కనున్న సైకిలు బాటను చూడవలెనని మాదాపురమునుండి బయలుదేరితిమి. నా బండి ఇరువదియేండ్లనాటిది. మీట నొక్కినచో తీగ బిగిసి, రెండు రబ్బరు ముక్కలు రిమ్మును ఇరుప్రక్కల పట్టుకొనును. వానిది నిరుడు కొన్న డిస్కుబ్రేకుల బండి. ఇరుసు చెంత 160 మిల్లీమీటర్ల ఉక్కు పళ్లెము, దానిని కరచుటకు నూనె ఒత్తిడితో పనిచేయు పట్టుకారు.

1998లో వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌ను చుట్టి, మైండ్‌స్పేస్ దాటి, బయోడైవర్సిటీ కూడలికి దిగుచుండగా ఒక ఆటో అడ్డముగా చొచ్చివచ్చెను. మేనల్లుడు ఆగెను, నేనాగలేదు. చక్రము రెండుమూడు చుట్లు తిరుగువరకు నా రబ్బరు ముక్కలు రిమ్ముమీది నీరు తుడుచుటతోనే సరిపుచ్చుకొనెను. పట్టు చిక్కునప్పటికి ముందుచక్రము ఆటో వెనుకరేకును తాకనే తాకెను.

"జర చూసుకొని పో, పెద్దాయనా!" అని ఆటోవాడు మందలించి పోయెను.

"మామయ్యా, ఇంకెన్నాళ్లు నమ్ముకుంటారు ఆ రబ్బరు ముక్కల్ని?" అని మావాడు.

నిజమునకు రిమ్ముబ్రేకు దుర్బలము కాదు. తిరుగుచున్న తిరుగలిని అంచున పట్టి యాపుట సులభము, నడిమి కొయ్య దగ్గర పట్టి యాపుట కష్టము. డిస్కునకు అంత ఒత్తిడి కావలసివచ్చుట అందువలననే. పొడినేలపై తుదకు ఆపునది టైరే గదా, అది జారినచో ఏ బ్రేకైన నేమి చేయును? అయినను రిమ్ము రోడ్డునీటిలో పొర్లాడుచుండగా, పళ్లెము ఇరుసు నాశ్రయించి మీదనే యుండును. రోడ్డు పందెములలో డిస్కులకు అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2018లో గాని సంపూర్ణానుమతి నీయలేదు. మన వానలు చూచియుండినచో అంత తటపటాయించెడివారు కారేమో!

నానక్‌రామ్‌గూడ వద్ద బాట ఎక్కితిమి. 2023 అక్టోబరులో ప్రారంభమైన యీ 23 కిలోమీటర్ల మార్గమునకు సౌరఫలకములే కప్పు. వానికి 16 మెగావాట్ల విద్యుదుత్పాదన సామర్థ్యము కలదు. క్రింద నేల దాదాపు పొడిగా నుండెను. ఒక స్తంభమును గురుతుగా పెట్టుకొని, ఒకే వేగమున వచ్చి ఇరువురమును బ్రేకులు నొక్కితిమి: మా ముందుచక్రముల నడుమ జానెడు దూరము! మావాడు మారుపలుకలేదు.

ఇంటికి వచ్చి రబ్బరు ముక్కలు విప్పి చూచితిని. గాడులలో ఇసుక రేణువులును, రిమ్మునుండి గీరుకొనిన అల్యూమినియపు మెరుగులును దిగబడియుండెను. క్రొత్త జత మార్చుటకు వీధిచివరి సైకిలు షాపువానికి పది నిమిషములు పట్టెను. మావాని నూనె గొట్టమును మాత్రము అతడు ముట్టనని చెప్పివేసెను. నా బండి నేనమ్మలేదు. వానకాలపు ఆదివారములందు మాత్రము మేనల్లుని బండి తీసికొనిపోవుచున్నాను, వాడు నిద్రపోవుచున్నాడు.