గుడి పక్కన బడి

మన చిత్తూరు, తిరుపతి సీమలో 'కాన్వెంటు' అనే మాటకు నిఘంటువు అర్థం ఎప్పుడో పోయింది. అసలు అర్థం సన్యాసినులుండే మఠం. మనకు మాత్రం పిల్లలు టై కట్టుకొని పోయే బడి ఏదైనా కాన్వెంటే. రేకుల షెడ్డులో పెట్టినా, సిలువ జాడ లేకపోయినా కాన్వెంటే! గుడి పక్కన బడి నడిపిన కథోలిక సిస్టర్ల వల్ల మనకబ్బిన మాట అది.

నేనూ అట్లాంటి బడిలోనే చదివినాను. పేరెందుకు లెండి. అక్కడ తెలుగు మాట నోట వస్తే పది పైసలు జరిమానా. చదువు మాత్రం గట్టిగా చెప్పినారు. ఆ చదువే నన్ను ఈ విశ్వవిద్యాలయ కళాశాల గడప తొక్కించింది. కానీ హాస్టలు నుంచి ఇంటికి జాబు రాయబోతే నాలుగు వాక్యాలకే నా తెలుగు అయిపోయేది. "ఏం నాయనా, కార్డు సగం ఖాళీగా వదిలేస్తివే, మాతో చెప్పేదానికి మాటలే లేవా?" అని అడిగింది మాయమ్మ. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చరిత్ర తిరగేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 18వ శతాబ్ది తొలినాళ్లలో మన పుంగనూరుకు వచ్చిన ఫ్రెంచి జెసూయిట్ ఫాదర్లు ముందు తామే విద్యార్థులై తెలుగు నేర్చుకొన్నారు. కర్ణాటక మిషన్ అని దానికి పేరు. ఆ మిషన్‌లో పనిచేసిన ఫాదర్ కూర్దూ తెలుగు నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్లకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశారు. విలియం జోన్స్ ఆ మాట చెప్పింది 1786లో!

1976లో నెల్లూరు నుంచి విడిపోయి కడప మేత్రాసనం ఏర్పడినప్పుడు మన జిల్లా అందులో చేరింది. ఆ మేత్రాసనంలో ఫాదర్‌గా ఉండిన పూల అంతోని గారు 2001 నుంచి 2003 దాకా అమెరికాలోని చికాగోలో చదువుకొన్నారు. 2022లో తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. ఆయన చూసి వచ్చిన ఆ నగరం కథ మనం వినదగ్గది.

1867లో పోలండు నుంచి వలసపోయినవాళ్లు అక్కడ సెయింట్ స్తానిస్లాస్ కోస్త్‌కా పేరిట సంఘం పెట్టుకొన్నారు. ఐరిష్ వాళ్లకొక గుడి, జర్మన్లకొక గుడి, పోలండు వాళ్లకొక గుడి. గుడి పక్కనే బడి. కబేళాల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో ఒళ్లు హూనం చేసుకొన్నవాళ్లు చందాలు వేసుకొని నిలబెట్టినవి అవి. ఎందుకు? పిల్లలు తమ మతం, తమ భాష మరిచిపోగూడదని! 1916లో ఆర్చిబిషప్‌గా వచ్చిన మండెలైన్ పాఠాలు ఇంగ్లీషులో చెప్పాలంటే పోలండు వాళ్లు ఎదురుతిరిగారు. అయినా కాలం ఆగుతుందా? మనవళ్ల కాలానికి ఇంటిభాషే ఇంగ్లీషయింది. చాలామంది శివార్లకు తరలిపోయారు. బడులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 2025లో పోపు అయిన 14వ లియో చిన్నప్పుడు చదివిన చికాగో బడి కూడా ఇప్పుడు లేదు.

అక్కడ అమ్మభాష నిలవాలని బడికి చందా ఇచ్చినారు. ఇక్కడ అమ్మభాష వదిలించమని మనమే ఫీజు కట్టినాం. తప్పంతా సిస్టర్లదే అందామా? ఇంగ్లీషు రాకపోతే మద్రాసులోనో బెంగళూరులోనో పని దొరకదని మా నాయన చెనిక్కాయలమ్మి ఫీజు కట్టినాడు. ఆయన భయం అబద్ధం కాదు. పేదవాడి బిడ్డకు ఇంగ్లీషు కావాల్సిందే. అయితే ఒక భాష నేర్పేదానికి ఇంకో భాషకు జరిమానా ఎందుకు? తెలుగు నేర్చుకొన్నందుకు కూర్దూ ఫ్రెంచి మరిచిపోలేదు గదా!

మిత్రులారా, రేపు మీలో చాలామంది అయ్యవార్లవుతారు. కొందరు బడులే పెడతారు. ఇంగ్లీషు చెప్పండి, బాగా చెప్పండి. కానీ పిల్లవాడు ఆ దినం నేర్చుకొన్న పాఠాన్ని ఇంటికి పోయి తల్లికి తెలుగులో విడమరచి చెప్పగలగాలి. చదువు వచ్చిందనడానికి అంతకు మించిన పరీక్ష నాకు తోచదు.