ముందు పిల్లల్ని గట్టెక్కించు

ఈతకొలనులో పొద్దున బ్యాచ్‌కి కోచ్ కంటే పావుగంట ముందు రా. గేటు దగ్గర నిలబడి అతన్ని పలకరించు, తాగి వచ్చాడేమో చూసుకో. రాత్రి తాగింది తెల్లారేసరికి దిగిపోతుందని చాలామంది నమ్మకం. కానీ ఒంట్లోంచి మద్యం గంటకు ఒక చిన్న పెగ్గు చొప్పున, అదీ ఉజ్జాయింపుగా, పోతుంది. అర్ధరాత్రి దాకా కూర్చున్నవాడు ఐదున్నరకి విజిల్ పట్టుకుంటే ఇంకా మత్తులోనే ఉండొచ్చు.

ఇవన్నీ నేర్పింది మా పెద్దసార్. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా చేసొచ్చిన మనిషి. కోచ్ చేతుల్ని గమనించేవారు. స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కుతున్నాడా, తలలు లెక్కపెట్టి మళ్లీ మొదటికొస్తున్నాడా అని. డీప్ ఎండ్‌కి వీపు పెట్టి నిలబడ్డవాణ్ని, తాగినా తాగకపోయినా, ఆ పూటకి కూర్చోబెట్టేసేవారు.

ఒక వేసవి క్యాంపులో ఓ తండ్రి పిల్లల ఎదుటే కోచ్ కాలర్ పట్టుకున్నాడు. అందరూ అటు పరుగెత్తారు. నీళ్లలో పిల్లలున్నారన్న ధ్యాస ఎవరికీ లేదు. పెద్దసార్ ఆ ఇద్దరి దగ్గరికి పోనేలేదు. పొడుగ్గా విజిల్ ఊది, అందర్నీ గట్టెక్కించి, తలలు లెక్కపెట్టి, తువ్వాళ్లు కప్పించాకే ఇటు తిరిగారు.

అనుమానమొస్తే నువ్వూ అంతే. పిల్లలు బయటికొచ్చాక కోచ్‌ని ఆఫీసు గదికి పిలు. పక్కన ఇంకొకరిని ఉంచుకో. ‘తాగావా?’ అనకు. ‘ఒంట్లో బాగుందా, ఏమైనా తిన్నావా?’ అని అడుగు. షుగర్ పడిపోయిన మనిషి కూడా తూలతాడు, మాట ముద్దగా వస్తుంది, చెమటలు పోస్తాయి. అలా అడగబట్టే ఒకసారి మా కుర్ర కోచ్ ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ తినకుండా వచ్చాడని తెలిసింది. గ్లూకోజ్ నీళ్లు తాగించాను. కాసేపటికి తేరుకున్నాడు. బయట అప్పటికే ‘కోచ్ తాగొచ్చాడట’ అని ఫోన్లు తిరుగుతున్నాయి. ఆ సాయంత్రం పెద్దసార్ నా భుజం తట్టారు.

బ్రీత్ ఎనలైజర్ ఉంటే వాడు. మౌత్‌వాష్ పుక్కిలించి ఊదితే తప్పు చూపిస్తుంది. పావుగంట ఆగి మళ్లీ ఊదించు. బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మన గట్టు మీద సున్నా. చేర్చుకునే రోజే ఆ సంగతి కాగితం మీద రాయించి సంతకం తీసుకో.

రిజిస్టర్‌లో ‘తాగి ఉన్నాడు’ అని రాయకు. ‘6.10కి విజిల్ చేజారింది, ఇద్దరు పిల్లల పేర్లు తారుమారు చేశాడు’ అని చూసింది చూసినట్టు రాయి. ‘సార్ బాటిల్ వాసనొస్తోంది’ అని పిల్ల చెబితే కొట్టిపారేయకు. అలాగని ఆ పిల్లని నిఘాకి పెట్టకు.

నిజమని తేలితే బండి తాళాలు తీసుకుని ఆటోలో ఇంటికి పంపు. తల్లిదండ్రులకి ఆ రోజే చెప్పు. కోచ్ ఇంట్లోవాళ్లకి 14446 నంబరివ్వు. మద్యం మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, ఉచితం. మా దగ్గర అలా మానేసినవాడొకడు ఇప్పుడు ఫీజులు, పోటీల ఎంట్రీలు చూస్తున్నాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. మళ్లీ బ్యాచ్ ఇమ్మని మొన్న అడిగాడు. ఇంకా ఇవ్వలేదు.