వీపుసంచి

క్రిందటి వేసవియందు మేము స్విట్జర్లాండులోని గ్రిండెల్‌వాల్డ్ గ్రామమున నాలుగు దినములుంటిమి. 1,034 మీటర్ల యెత్తున నున్న యూరు. ఎదుట ఐగర్ శిఖరము గోడవలె నిలిచియుండును. ఒకనాడు 2,061 మీటర్ల యెత్తుగల క్లైనె షైడెగ్ కనుమకు కాలినడకను బయలుదేరితిమి.

మేము కొనిచ్చిన రుక్‌సాక్‌ను మా అత్తగారు తాకనైన లేదు. "వీపున బరువు మోయుట పశువుల పని గాని మనది కాదమ్మా" అని ఫలహారముల మూట చంక నెత్తుకొనిరి. అర్ధగంటకే చేతులు నొచ్చి, దారిప్రక్క కూలబడి, వెనుకకు మరలుద మనిరి.

బస యజమానురాలు ముందునాడు చెప్పిన మాట మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. జర్మను భాషలో వీపును ర్యుకెన్ అందురు. ఆల్ప్సు కొండవారి పలుకుబడిలో నది రుక్. సాక్ అనగా సంచి. అచ్చముగా మన వీపుసంచియే! కొండవారి యీ మాట 19వ శతాబ్దమున ఆంగ్లేయులకును ప్రాకినది. హేవర్‌సాక్ కథ వేరు. హాఫర్ అనగా ఓట్స్ ధాన్యము. రౌతులు గుఱ్ఱపుదాణా పోసికొనిన సంచికి ఆ పేరు.

"పశువులది ఆ సంచి అత్తయ్యా, ఇది మనుష్యుల వీపుది" అంటిమి.

ఆమె నవ్వి, "అట్లయిన నిటు తెమ్ము" అని పట్టీలు భుజములకు తగిలించుకొనిరి. కనుమ చేరువరకు మరల మాకీయలేదు.